పెద్దమ్మ పిలిచింది దేవుణ్ణి కాదు

మా రంగం పెద్దమ్మ పోయిందన్న మాట నాకు ఉదయగిరి బడి గేటు దగ్గర ఆత్మకూరు బస్సు కండక్టరు చెప్పాడు. మధ్యాహ్నం గంట కొట్టారు, పిల్లలు సద్దిగిన్నెలు కడుక్కుంటున్నారు. ఆయన కిందికి కూడా దిగలేదు. ఫుట్‌బోర్డు మీద నుంచే కేక వేశాడు.

"టీచరమ్మా, మీ రంగం పెద్దమ్మ పొద్దున పోయిందంట. మీ నాయన చెప్పి పంపించినాడు. తిరుగు బండికి వచ్చేయ్, సీటు ఆపి పెడతా."

అన్న మాట ప్రకారం కిటికీ పక్క సీటు ఆపి పెట్టాడు. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆత్మకూరులో దిగి ఇంటికి పోయి మా మేనత్త మొహం ఎలా చూడాలా అని భయం. పోయింది పెద్దమ్మ అయితే మేనత్త మొహం చూడ్డానికి భయమేమిటని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెద్దమ్మను పొగడాలనీ ఉంది. కానీ ఆమెను పొగిడే అర్హత నాకు ఎంతవరకు ఉందో చదివాక మీరే చెప్పండి.

రంగం అంటే రంగూన్. మా వైపు పాతకాలం వాళ్ళు అలాగే అంటారు. మా పెదనాయన మీసాలు రాని వయసులోనే అక్కడికి పోయి బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరాడు. పెద్దమ్మను అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత ఆ దేశంలో మనవాళ్ళకు ఉద్యోగాలు పోయి, వ్యాపారాలు పోయి, అందరూ తిరిగి వస్తున్న రోజుల్లో వీళ్ళూ స్టీమరెక్కారు. మద్రాసులో దిగి, నెల్లూరు మీదుగా ఆత్మకూరు చేరారు. నేనప్పుడు పావడా కట్టుకునే పిల్లను. వీధి వీధంతా మా వాకిట్లో నిలబడి పెద్దమ్మను చూసింది. చిన్న కళ్ళు, పచ్చటి వొళ్ళు, మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకున్న చీర. ఆమె కూడా అందరినీ తీరిగ్గా చూసి, "నీళ్ళు" అంది. అప్పటికి ఆమెకు వచ్చిన తెలుగు అంతే అనుకుంటాను.

పెద్దమ్మ చీనా మనిషి. పసితనంలో తల్లితండ్రులతో ఓడలో రంగం చేరిందట. వాళ్ళ నాయన వడ్రంగి. కానీ చీనావాళ్ళతో యుద్ధం జరిగి అప్పటికి ఎంతో కాలం కాలేదు. అందుకని పెదనాయన వచ్చిన రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, "ఎవురడిగినా బర్మా మనిషని చెప్పండి. చీనా అనే మాట ఈ ఇంట్లో వినపడకూడదు" అన్నాడు. మేమూ అలాగే చెప్పాం. చెప్పగా చెప్పగా, ఈమెకు ఒక సొంత భాష ఉండేదన్న సంగతి మేమే మరిచిపోయాం. ఆమెను ఆ భాషలో ఒక్క మాట చెప్పమని నేను ఏనాడూ అడగలేదు. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో అన్నం తిన్నాను, అడగాలని తోచనే లేదు.

తెలుగు ఆమెకు మా మేనత్త నేర్పింది. మేనత్త అంటే మా నాయనకూ పెదనాయనకూ చెల్లెలు. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. మా మేనత్త నోరు మంచిది కాదని ఆత్మకూరంతా ఒప్పుకుంటుంది. అడిగితే ఆమే ఒప్పుకుంటుంది. అందువల్ల పెద్దమ్మకు వచ్చిన తెలుగు కూడా అదే మోటు తెలుగు. కాకపోతే ఆమెకు 'ర' పలికేది కాదు. "లా, కూచో, ఏంది ఆ మొగం, కూల తిను" అనేది. వీధి పిల్లలు వెక్కిరిస్తే, వాళ్ళను పిలిచి బెల్లం ముక్క పెట్టి, మళ్ళీ వెక్కిరించమనేది. మేనత్తా ఆమే రోజంతా పోట్లాడుకునేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్ళు.

మండే ఎండాకాలంలో కూడా పెద్దమ్మ వేన్నీళ్ళే తాగేది. కుండలో నీళ్ళు మాకు వదిలేసేది. అన్నం చిన్న గిన్నెలో పెట్టుకుని, గిన్నెను నోటిదాకా ఎత్తి తినేది. నేను ఉదయగిరిలో ఉద్యోగంలో చేరాక శనివారం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, తపేలాలో వేన్నీళ్ళు పోసి నా కాళ్ళ ముందు పెట్టేది. "కాళ్ళు పెట్టు. కాళ్ళు వెచ్చగుంటే నిద్ద పడతాది" అనేది. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా ఎదురుచూడదు. నేను మాత్రం కాళ్ళు తపేలాలో పెట్టుకుని పత్రిక చదువుకునేదాన్ని.

టీచరు ట్రైనింగులో నేను ఒక పేపరు తప్పినప్పుడు, గదిలో దూరి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. పెద్దమ్మ బుట్టెడు గోరుచిక్కుడు, కత్తిపీట తెచ్చి నా ముందు పడేసింది. "కోపం వొస్తే కూలగాయలు తలుగు. సన్నగా తలిగేలోపల ఎవలి మీద కోపమో మలిచిపోతావు" అంది. అలాగే తరిగాను. ఆ రోజు ఇంట్లో రెండు పూటలా గోరుచిక్కుడే. నేను ఆ పేపరు మళ్ళీ రాసి గట్టెక్కానంటే ఆ బుట్ట కూడా కారణమే. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను.

పెదనాయన పోయిన తర్వాత ఆమె మరిచిపోవడం మొదలైంది. మొదట కూరగాయల పేర్లు పోయాయి. "అది, పచ్చగుంటాది గదా, గింజలుంటాయి గదా" అని చేతులతో చూపించేది. పొయ్యి మీద వేన్నీళ్ళు పెట్టి మరిచిపోయేది. తర్వాత ఇంట్లో చెప్పకుండా బస్టాండుకు పోవడం మొదలుపెట్టింది. కనపడిన కండక్టరునల్లా "స్టీమలు ఎప్పుడు?" అని అడిగేది. "పెన్నలో నీళ్ళు రానీ అవ్వా, ఫస్టు టికెట్టు నీదే" అని నవ్వి, చెయ్యి పట్టుకుని వాళ్ళే ఇంటికి తెచ్చి దించేవాళ్ళు. ఒక డాక్టరుకు చూపిస్తే వయసైతే ఇంతేనని టానిక్కు రాసిచ్చాడు. అది తియ్యగా ఉందని మా మేనత్త కూడా తాగింది.

ఆ తర్వాత తెలుగే పోతూ వచ్చింది. మా పేర్లు పోయాయి, వరసలు పోయాయి. మేనత్త నేర్పిన తిట్లు ఇంకొన్నాళ్ళు నిలబడి అవీ పోయాయి. చివరికి ఏమీ మాట్లాడకుండా వసారాలో పీట మీద కూర్చునేది. ఎవరు పలకరించినా, ఎవరో తెలియని వాళ్ళను చూసినట్టు మర్యాదగా నవ్వేది.

ఒకరోజు దీపం పెట్టే వేళకు ఆమె ఉన్నట్టుండి "జేజే!" అని పిలిచింది. మళ్ళీ "జేజే! జేజే!" అంది.

మీకు చెప్పేదేముంది. మన ఇళ్ళలో బిడ్డకు మాటలు వస్తూనే, రెండు చేతులూ కలిపి పట్టి మనం నేర్పే మాట అది. జేజే అంటే దేవుడు. మా అమ్మ దీపం అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్ళకు దేవుడు నోట్లోకి వచ్చినాడా అక్కా!" అని ఆమె రెండు చేతులూ కలిపి పట్టుకుని ఏడ్చింది. తోడికోడలు కాబట్టి మా అమ్మ ఆమెను అక్కా అనేది. మేనత్త వదినా అనేది. నాకు పెద్దమ్మ. ఆ ఇంట్లో ఆమె అందరికీ పెద్దదే. ఆమెను చిన్నపిల్లలా చూసుకునే వాళ్ళు ఎవరూ లేరు.

అంతకుముందు పూజగది గడప లోపలికి పెద్దమ్మను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. ఆమె బయట నుంచే పూలు అందించేది. ఆ రోజు మా అమ్మ చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి పటాల ముందు కూర్చోబెట్టింది. సంగతి వీధిలో పాకింది. శుక్రవారం వచ్చిందంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టేవాళ్ళు. "జేజే" అని ఆమె పిలవగానే అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించేవాళ్ళు. నేనూ జోడించేదాన్ని. నాకు చాలా సంతోషంగా ఉండేది.

మా మేనత్త ఒక్కతే, "పటాలు ఈ గోడకుండాయి. ఈమె వాకిలి తట్టు చూసి పిలస్తాదేంది?" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దమ్మ పక్కన పడుకునేది మేనత్తే. నిద్రపోనివ్వకుండా పిలుస్తూంటే ఆమెకు ఒళ్ళు మండేది. "మూయ్! ఇంక మూయ్ వదినా!" అని అరిచేది. అలా అరవగానే పెద్దమ్మ ఠక్కున ఆగిపోయేది. మేనత్త వైపు తిరిగి, మొహమంతా నవ్వుతో దగ్గరికి జరిగి, ఆమె చీర చెంగు పట్టుకుని పడుకునేది. "ఎంత తిడితే అంత ముద్దొస్తా ఉండానమ్మా ఈమెకు" అని మేనత్త మాతో చెప్పి నవ్వేది.

నాకు నవ్వు రాలేదు. ఒక శనివారం నా చెవులతో నేనే విన్నాను. అమ్మ ముందూ, పక్కింటి వాళ్ళ ముందూ మేనత్తను నిలదీశాను. "దేవుణ్ణి తలుచుకునే మనిషిని నోరు మూయమంటావా? మతి పోయిన మనిషి మీద నీ పెత్తనమేంది అత్తా? ఇంకోసారి ఆ మాట నీ నోట వినపడకూడదు" అన్నాను. క్లాసులో రోజంతా పిల్లల మీద నేను వాడే మాట కూడా 'నోరు మూయ్' అనే. అది అప్పుడు గుర్తు రాలేదు.

మేనత్త ఎవరి మాటకైనా రెండు మాటలు తిరిగి ఇచ్చే మనిషి. ఆ రోజు మాత్రం, "సరేలే. నువ్వు చదువుకున్నదానివి" అని లోపలికి పోయింది. ఆ తర్వాత నిజంగానే ఆ మాట అనలేదు. పెద్దమ్మ పిలుపులు ఎక్కువయ్యాయి. తిండి తగ్గింది. వాకిలి పట్టుకుని నిలబడి, గొంతు పోయేదాకా పిలిచేది. భక్తి ముదిరిందని అనుకున్నాం.

ఎండాకాలం సెలవుల్లో ఆమెకు దవడ వాచింది. నెల్లూరులో హస్తవాసి మంచిదని పేరున్న చీనా పళ్ళ డాక్టరు ఉన్నాడని విని, బస్సులో తీసుకుపోయాను. ఆయన పుట్టి పెరిగింది నెల్లూరులోనే. మన యాస నాకంటే బాగా వచ్చు. కుర్చీలో కూర్చోబెట్టగానే పెద్దమ్మ భయపడి "జేజే!" అని కేక పెట్టింది. నేను అలవాటు కొద్దీ "దణ్ణం పెట్టుకో పెద్దమ్మా" అన్నాను. డాక్టరు చేతిలో పట్టకారు పక్కన పెట్టేశాడు.

"ఈమె ఎవురమ్మా?"

"బర్మా మనిషండీ" అన్నాను. పెదనాయన పోయినా ఆయన నేర్పిన మాట పోలేదు.

డాక్టరు వంగి, ఆమెతో ఏదో భాషలో మెల్లగా ఒక మాట అన్నాడు. పెద్దమ్మ దవడ మీద చెయ్యి తీసేసింది. ఆయన్ను తేరిపార చూసి మాట్లాడడం మొదలుపెట్టింది. ఏం మాట్లాడింది! ఆపకుండా, చేతులు తిప్పుతూ, మధ్యలో నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. ఈమెకు మాటలు పోయాయని మేము అనుకున్నాం. పోయింది తెలుగు ఒక్కటే. ఆ గదిలో గోడకు ఆనుకుని నిలబడి, ఈమె ఎవరో నాకు తెలియదని మొదటిసారి అనిపించింది.

"మా ఇంటి భాష ఇది కాదమ్మా. మా అమ్మ తట్టు వాళ్ళది. అయినా తెలస్తాది" అన్నాడు డాక్టరు. "ఈమె వాళ్ళ అక్కను పిలస్తా ఉండాది. జేజే అంటే అక్క. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే సాకిందంట. రంగంలో స్టీమరెక్కే రోజు రేవుకాడికి వస్తానని చెప్పి అక్క రాలేదంట. వస్తాదని ఇంకా చూస్తా ఉండాది."

"ఇప్పుడు మేమేం చెయ్యాలండీ?"

"ఏం చేస్తారు? పిలిచినప్పుడు ఎవురో ఒకరు పలకండి. చిన్నబిడ్డ పిలిస్తే పలకమా, అట్ట."

"ఏమని పలకాలి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "అదే చిక్కు. ఆ భాషలో చెల్లెల్ని మూయ్ అంటారు. మూయ్, మూయ్ అని మెల్లగా అంటే చాలు. మీ ఇంట్లో వాళ్ళు ఏమనుకుంటారో మరి."

నాకు నవ్వు ఆగలేదు. సంగం ఊరు దాటేదాకా బస్సులో నాలో నేను నవ్వుకుంటూనే వచ్చాను. పెద్దమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది, మేనత్త అరవగానే ఆమె మొహంలో వచ్చే నవ్వు. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆమె పిలిస్తే పలికింది మేనత్త ఒక్కతే. ఆ పలుకు మాన్పించింది నేను. ఇక ఇల్లు చేరేదాకా నవ్వలేదు.

ఇంటికి పోయి వంటింట్లో అమ్మకు అంతా చెప్పాను. అమ్మ లేచి వంటింటి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట ఇంకెవురితోనూ అనొద్దు. వూరంతా దేవుడంటా ఉంటే, కాదు అక్క అని చెప్పి, ఆమెను మళ్ళీ గడప బయట కూచోబెడతావా?" అంది. అమ్మ మాటలో న్యాయం ఉందనిపించింది. అసలు సంగతి వేరు. మేనత్తకు చెప్పాలంటే, నలుగురి ముందు నేను చేసిన గొడవ తప్పని ఒప్పుకోవాలి. "ఆ మాట మళ్ళీ అను అత్తా" అని బతిమాలాలి. నాకు నోరు రాలేదు. పలికేదేదో నేనే పలుకుతానులే అనుకున్నాను.

పలికాను కూడా. ఒక పొద్దున పెరట్లో ఎవరూ లేరు. పెద్దమ్మ బావి దగ్గర పీట మీద కూర్చుని "జేజే" అంది. నేను పక్కన కూర్చుని "మూయ్" అన్నాను. మొదట అది నా క్లాసు గొంతుతోనే వచ్చింది. మళ్ళీ మెల్లగా "మూయ్... మూయ్" అన్నాను. ఆమె తిరిగి చూసింది. నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది. ఇంకో దెబ్బ వేసింది. ఎందుకింత ఆలస్యమని తిడుతోందని భాష రాకపోయినా తెలిసిపోయింది. తిట్టడం అయ్యాక నా ఒళ్ళో తల పెట్టుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలకుండా కూర్చున్నాను. అంత హాయిగా ఉన్న మనిషిని నేను నా జన్మలో చూడలేదు.

ఇంతలో పెరటి తలుపు తోసుకుని పక్కింటామె పూలు పట్టుకొచ్చింది. నేను గభాలున సర్దుకుని, పెద్దమ్మను లేపి కూర్చోబెట్టి, ఆమె చేతులు రెండూ కలిపి, "దణ్ణం పెట్టుకో పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ తన చేతులు వెనక్కి లాక్కుంది.

సెలవులైపోయి ఉదయగిరి వెళ్ళిపోయాను. ప్రతి శనివారం వచ్చేదాన్ని. మా ఇద్దరికీ ఎప్పుడైనా ఏకాంతం దొరికితే పలికేదాన్ని. ఎక్కువసార్లు దొరకలేదు. దొరికినప్పుడు కూడా ఎవరైనా వింటారేమోనని తలుపు వైపు చూస్తూ పలికేదాన్ని. బస్సెక్కేటప్పుడల్లా, వచ్చేవారం మేనత్తకు చెప్పేయాలి అనుకునేదాన్ని. వారాలు గడిచిపోతుంటే ఆమె కూడా అలాగే ఉంటుందనుకున్నాను. ఆమె ఉండలేదు.

జేజే అంటే ఏమిటో, మూయ్ అంటే ఏమిటో మా మేనత్తకు ఈ రోజుకూ తెలియదు. ఆమెకు చదువు రాదు. అందుకే ఇది అచ్చుకు పంపే ధైర్యం నాకు వచ్చింది. మీలో ఆత్మకూరు వాళ్ళెవరైనా ఉంటే దయచేసి ఆమెకు చదివి వినిపించకండి. వినిపిస్తేనే మంచిదేమో కూడా. నాకు తెలియడం లేదు.

ఆ రోజు నేను ఇల్లు చేరి, పెద్దమ్మను తీసుకుపోవడం, వచ్చినవాళ్ళు వెళ్ళడం అన్నీ అయ్యాక, మేనత్త వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని నన్ను పిలిచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"తెల్లారినప్పటినుంచి జేజే జేజే అంటానే ఉండింది పాపా. గొంతు కూడా లేదు. వుత్త పెదాలే ఆడతా ఉండాయి. మీ అమ్మ తులసి తీర్థం పోస్తే మింగలేదు. నా చెయ్యి పట్టుకోని నా నోటి తట్టే చూస్తా ఉండింది, నేనేందో అంటానని. నాకు నోటిదాకా వచ్చేసిందే ఆ మాట. నువ్వొద్దన్నావు గదా అని ఇట్ట బిగబట్టుకున్నా. ప్రాణం పోయేదాకా అన్లేదు. మంచి పనే చేసినాను గదా?"

ఎలా బిగబట్టుకుందో చూపించడానికి మేనత్త పెదాలు రెండూ గట్టిగా బిగించింది. అలాగే బిగించుకుని, నేను ఏదో అంటానని, నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.